సైన్యంపై పౌర పాలన సరే, సైన్యంలో కులంపై ఎవరి పాలన?

1978లో వారణాసిలో సంపూర్ణానంద్ విగ్రహాన్ని బాబూ జగ్జీవన్ రామ్ ఆవిష్కరించారు. అప్పటికి ఆయన దేశ రక్షణ మంత్రి. అంతకు ఆరేళ్ల ముందు పాకిస్తాన్ సైన్యం ఢాకాలో లొంగిపోయినప్పుడు కూడా ఆ శాఖ మంత్రి ఆయనే. విగ్రహాన్ని ఆవిష్కరించి ఆయన వెళ్లగానే కొందరు అగ్రకుల విద్యార్థులు దాన్ని గంగాజలంతో కడిగి 'శుద్ధి' చేశారు.

అంటరానితనం ఎంత మొండిదో చెప్పడానికి మనం ఈ ఘటనను తరచూ గుర్తుచేసుకుంటాం. ఇందులో ఒక రాజ్యాంగ ప్రశ్న కూడా ఉంది. త్రివిధ దళాల మీద అధికారం ఉన్న కుర్చీలో ఒక దళితుడు కూర్చుంటే ఆ కుర్చీ ఏం చేయగలదు? దాని అధికారం ఎక్కడిదాకా నడుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? ఎన్నికైన మంత్రి మాటను సైన్యం వినాలన్న సూత్రాన్ని మన దేశం బాగానే నిలబెట్టుకుంది. కానీ సైన్యంలో ఎవరు ఉండాలి, ఎవరు ఎంతమంది ఉన్నారు అన్న ప్రశ్న వచ్చేసరికి ఆ మంత్రే వెనక్కి తగ్గుతున్నాడు. పార్టీలు మారినా, మంత్రులు మారినా ఈ వెనకడుగు మారలేదు.

మంత్రి చేతిలో ఉన్నదేమిటి?

బ్రిటిష్ పాలనలో కమాండర్ ఇన్ చీఫ్ అంటే వైస్రాయ్ తర్వాత అంతటివాడు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు కూడా. 1946 తాత్కాలిక ప్రభుత్వంలో రక్షణ శాఖ బల్దేవ్ సింగ్ చేతికి రావడంతో ఆ ఏర్పాటు మారింది. ఢిల్లీలో కమాండర్ ఇన్ చీఫ్ ఉండే భవనం ప్రధాని నెహ్రూ నివాసమైంది. అదే తీన్ మూర్తి భవన్. 1955లో కమాండర్ ఇన్ చీఫ్ అన్న హోదానే తీసేసి, మూడు దళాలకు వేర్వేరుగా చీఫ్ ఆఫ్ స్టాఫ్ హోదాలు ఇచ్చారు.

రాజ్యాంగంలోని 53(2) అధికరణ ప్రకారం సైనిక దళాల అత్యున్నత నాయకత్వం రాష్ట్రపతిది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవాలి. 75(3) అధికరణ ప్రకారం మంత్రిమండలి లోక్‌సభకు జవాబుదారీ. అంటే సైన్యం మీద అధికారం ఓటరు నుంచి బయలుదేరి, పార్లమెంటు, మంత్రిమండలి గుండా రక్షణ మంత్రి దాకా వస్తుంది. ఆయుధాల కొనుగోళ్లను ఆమోదించే మండలికి ఆయనే అధ్యక్షుడు. 2025-26లో ఆ శాఖకు కేటాయించిన మొత్తం దాదాపు 6.81 లక్షల కోట్ల రూపాయలు. కేంద్ర బడ్జెట్‌లో ప్రతి వంద రూపాయల్లో పదమూడుకు పైగా ఒక్క రక్షణ శాఖకే పోతున్నాయి.

ఈ అధికారం కాగితాలకే పరిమితం కాలేదు. 1959లో సైన్యాధిపతి తిమ్మయ్య, రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక రాజీనామా ఇచ్చి, నెహ్రూ మాటతో వెనక్కి తీసుకున్నారు. 1962లో చైనా చేతిలో ఓటమి తర్వాత పదవి పోగొట్టుకున్నది మీనన్. జవాబుదారీ అన్నది మంత్రికీ వర్తిస్తుందని అప్పుడు రుజువైంది. 1998 డిసెంబర్‌లో నౌకాదళాధిపతి విష్ణు భగవత్‌ను వాజపేయి ప్రభుత్వం పదవి నుంచి తొలగించింది. అప్పుడు రక్షణ మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. దళాధిపతిని ప్రభుత్వం తీసేస్తే ఆయన ఇంటికి వెళ్లారు, దళం మాత్రం కదలలేదు.

మన పొరుగున ఇలా జరగలేదు. పాకిస్తాన్‌లో 1958లో, బంగ్లాదేశ్‌లో 1975లో సైనికులు అధికారం లాక్కున్నారు. ఓటు తప్ప వేరే బలం లేని జనానికి ఈ తేడా చిన్నది కాదు. సైనిక పాలన వస్తే మొదట పోయేది భూమి, బంగళా ఉన్నవాడి గొంతు కాదు, మన గొంతు. అందుకే పౌర పాలన అనే సూత్రాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ సూత్రాన్ని సగంలో ఎందుకు ఆపేశారన్నదే ప్రశ్న.

అంబేద్కర్ వేసిన ప్రశ్న

సైన్యంలో ఎవరున్నారన్నది రాజకీయ ప్రశ్న అని మనకు ముందే చెప్పినవాడు అంబేద్కర్. ఆయన పుట్టిందే మౌ కంటోన్మెంట్‌లో. తండ్రి రాంజీ సక్పాల్ సుబేదార్. మహర్లు తరాల పాటు బ్రిటిష్ సైన్యంలో పనిచేశారు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు 'యుద్ధ జాతులు' అన్న సిద్ధాంతాన్ని తెచ్చి పంజాబ్, వాయవ్య సరిహద్దు వైపు భర్తీని మళ్లించారు. 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆగిపోయింది. దక్షిణాదిన మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లకూ 19వ శతాబ్దం చివరికి తలుపులు మూసుకున్నాయి. మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ మహర్లను మళ్లీ తీసుకోవాలని అర్జీ రాశారు. ఆధునిక దళిత రాజకీయాల తొలి పత్రాల్లో ఒకటి సైన్యంలో ఉద్యోగం కోసం రాసిన అర్జీ కావడం యాదృచ్ఛికం కాదు. యూనిఫాం అంటే జీతం, చదువు, పింఛను. ఊరి పటేల్ ముందు తలెత్తి నిలబడే హోదా కూడా.

పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకంలో అంబేద్కర్ సైన్యం కూర్పు మీద పట్టికలు వేసి మరీ వాదించారు. కొన్ని జాతులకే యుద్ధ గుణం ఉందన్న మాట అబద్ధమని, 1857లో ఎవరు బ్రిటిష్‌వాళ్ల పక్షాన నిలిచారన్నదే అసలు కారణమని తేల్చారు. 1941లో వైస్రాయ్ ఏర్పాటు చేసిన జాతీయ రక్షణ మండలిలో ఆయనకు చోటు దొరికింది. అదే ఏడాది అక్టోబర్‌లో బెల్గాంలో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. 1943లో ఏర్పడిన చమార్ రెజిమెంట్‌ను మాత్రం యుద్ధం ముగియగానే 1946లో రద్దు చేశారు.

స్వతంత్ర భారత తొలి మంత్రివర్గంలో అంబేద్కర్ న్యాయ మంత్రి. 1951 అక్టోబర్‌లో రాజీనామా చేస్తూ ఇచ్చిన ప్రకటనలో హిందూ కోడ్ బిల్లు గురించే కాదు, మరో ఫిర్యాదు కూడా చేశారు. విదేశీ వ్యవహారాలు, రక్షణ వంటి ముఖ్యమైన మంత్రివర్గ కమిటీల్లో తనకు చోటివ్వలేదని చెప్పారు. సైన్యం మీద పెడుతున్న ఖర్చు గురించీ ప్రశ్నించారు. రాజ్యాంగం రాసిన కమిటీకి అధ్యక్షత వహించిన మనిషి రక్షణ కమిటీ గది బయటే ఉండిపోయారు.

జగ్జీవన్ రామ్: గెలుపు, హద్దు

ఆ గదిలోకి అధిపతిగా అడుగుపెట్టిన దళితుడు జగ్జీవన్ రామ్. ఆయన తండ్రి శోభీ రామ్ కూడా బ్రిటిష్ సైన్యంలో పనిచేసి బయటికి వచ్చినవారే. 1970 నుంచి 1974 వరకు ఒకసారి, 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక మరోసారి జగ్జీవన్ రామ్ రక్షణ శాఖ చూశారు. 1971 డిసెంబర్ 3న మొదలైన యుద్ధం 16న ముగిసింది. సుమారు 93 వేల మంది యుద్ధ ఖైదీలయ్యారు. లక్ష్యం రాజకీయ నాయకత్వం చెప్పాలి, యుద్ధం ఎలా చేయాలో సైన్యాధిపతి చూసుకోవాలి అన్న 1962 నాటి పాఠం ఆ రోజు ఫలించింది. ఆ ఘనతలో ఇందిరా గాంధీ, మానెక్‌షా పేర్లు వినిపించినంతగా రక్షణ మంత్రి పేరు వినిపించదు. పాఠ్యపుస్తకాల్లో ఈ మౌనం ఎందుకో విద్యార్థులు అడగాలి.

అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. ఆయన రెండు దఫాలు పనిచేసి వెళ్లాక కూడా రాజ్‌పుత్ రెజిమెంట్ రాజ్‌పుత్ రెజిమెంట్‌గానే ఉంది, జాట్ రెజిమెంట్ జాట్ రెజిమెంట్‌గానే ఉంది. సైనిక పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ రాలేదు. అధికారుల ఎంపికలోనూ రాలేదు. ఇది ఒక మనిషి చేతగానితనం అనుకుంటే పొరపాటు. కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ కుర్చీకి ఒక హద్దు గీసి ఉంది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు దాటినా ఇంకో దళితుడు రక్షణ మంత్రి కాలేదు. అయితే మాత్రం చాలదన్నది కూడా జగ్జీవన్ రామ్ అనుభవమే చెబుతోంది.

కులం లేదంటారు, రెజిమెంట్ పేరు కులమే

ప్రభుత్వం పార్లమెంటులో పదేపదే ఇచ్చే సమాధానం ఒకటే. సైన్యంలో భర్తీ కులమతాలకు అతీతం, స్వాతంత్ర్యం తర్వాత ఒక వర్గం పేరిట కొత్త రెజిమెంట్లు ఏర్పాటు చేయరాదన్నది విధానం. వినడానికి బాగుంది. అయితే కొత్తవి వద్దన్న ఈ నియమం పాతవాటిని ముట్టుకోదు. అందుకే చమార్ రెజిమెంట్‌ను పునరుద్ధరించాలని అడిగితే 'కులం పేరిట రెజిమెంట్ వద్దు' అనే జవాబు వస్తుంది. జాట్, రాజ్‌పుత్, డోగ్రా పేర్లు మాత్రం సంప్రదాయం కింద నిలబడతాయి.

సిక్కుల విషయం ఇంకా స్పష్టం. సిక్కు మతంలో కులం లేదంటారు. సైన్యంలో మాత్రం సిక్కు రెజిమెంట్ ప్రధానంగా జాట్ సిక్కులది. మజహబీ, రామ్‌దాసియా సిక్కులకు సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ అని వేరే ఉంది. ఊళ్లో వాడలు వేరైనట్టే పటాలాలు వేరయ్యాయి. రాష్ట్రపతి అంగరక్షక దళంలో రాజ్‌పుత్, జాట్, జాట్ సిక్కులకే చోటుందని కోర్టుల్లో పిటిషన్లు పడ్డాయి. రామ్‌నాథ్ కోవింద్ అయిదేళ్లు రాష్ట్రపతిగా ఉన్నారు, ఇప్పుడు ఆదివాసీ మహిళ ద్రౌపదీ ముర్ము ఉన్నారు. రాజ్యాంగం ప్రకారం సైన్యానికి అత్యున్నత నాయకత్వం వాళ్లది. వాళ్ల గుర్రపు దళంలో వాళ్ల జనం లేరు.

సుప్రీంకోర్టులో వేసిన ఒక ప్రజా ప్రయోజన వ్యాజ్యానికి జవాబుగా 2013లో సైన్యం అఫిడవిట్ ఇచ్చింది. కులం, ప్రాంతం, మతం ఆధారంగా భర్తీ చేయడం లేదని, కానీ ఒక ప్రాంతం వాళ్లను ఒక రెజిమెంట్‌లో కలిపి ఉంచడం పరిపాలన, యుద్ధ అవసరాల కోసమని అందులో వాదించింది. 2022 జులైలో అగ్నివీర్ దరఖాస్తుదారుల నుంచి కుల, మత ధృవపత్రాలు ఎందుకు అడుగుతున్నారని గొడవ జరిగింది. రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ అదంతా వదంతి అన్నారు. స్వాతంత్ర్యానికి ముందు నుంచి ఉన్న పద్ధతే కొనసాగుతోందని, మార్పేమీ లేదని చెప్పారు. ఆ మాటను జాగ్రత్తగా వినాలి. వలస పాలకుల పద్ధతి మారలేదని స్వతంత్ర దేశపు మంత్రి సంజాయిషీ ఇస్తున్నారు!

మరోవైపు, మహర్ రెజిమెంట్ అని పేరున్నంత మాత్రాన అక్కడ దళితుల నాయకత్వం ఉందని కూడా అనుకోలేం. ఆ రెజిమెంట్ నుంచి ఇద్దరు దేశ సైన్యాధిపతులయ్యారు. ఒకరు తెలుగువాడైన కె.వి.కృష్ణారావు, మరొకరు కె.సుందర్జీ. ఇద్దరూ మహర్లు కారు. కాబట్టి కులానికో రెజిమెంట్ అడగడం మన గమ్యం కాకూడదని నా అభిప్రాయం. అన్ని రెజిమెంట్లలో, ముఖ్యంగా అధికారుల భోజనశాలల్లో, మనవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదే అడగాలి.

సరిహద్దు ఒకటే, నియమాలు రెండు

రిజర్వేషన్ ఇస్తే యుద్ధ సామర్థ్యం తగ్గుతుందన్నది పాత వాదన. దానికి జవాబు సరిహద్దులోనే ఉంది. పాకిస్తాన్ సరిహద్దులో కాపలా కాసే బీఎస్‌ఎఫ్ కేంద్ర హోంశాఖ కింద ఉంటుంది. అందులో కానిస్టేబుల్ భర్తీలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ ఉంది. సీఆర్‌పీఎఫ్‌లో ఉంది, ఐటీబీపీలో ఉంది. అదే సరిహద్దులో వాళ్ల వెనక నిలబడే సైన్యం రక్షణ శాఖ కింద ఉంటుంది, అందులో లేదు. రక్షణ శాఖలోనే సివిల్ ఉద్యోగాలకు రిజర్వేషన్ వర్తిస్తుంది. తూటా ఎదురైనప్పుడు బీఎస్‌ఎఫ్ జవాను కులం అడ్డు రాకపోతే, సైనికుడి కులం మాత్రం ఎందుకు అడ్డొస్తుంది?

సైన్యానికి కోటా అంటే తెలియదనీ కాదు. భర్తీ వయసున్న పురుషుల జనాభాను బట్టి రాష్ట్రాల వారీగా ఖాళీలు పంచడం ఎప్పటి నుంచో ఉంది. ప్రాంతానికి వాటా ఇస్తే దెబ్బతినని సామర్థ్యం కులానికి ఇస్తేనే దెబ్బతింటుందా? మహిళలకు శాశ్వత కమిషన్ ఇవ్వడానికి కూడా ప్రభుత్వం ఇలాంటి సాకులే చెప్పింది. గ్రామీణ నేపథ్యం ఉన్న జవాన్లు మహిళా అధికారి ఆజ్ఞలను అంగీకరించరని వాదించింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. సైన్యం ఏమీ కూలిపోలేదు.

లెక్క అడిగినా ఇదే తీరు. సచార్ కమిటీ సైన్యంలో ముస్లింల సంఖ్య అడిగితే 2006లో పెద్ద దుమారం రేగింది. అలాంటి లెక్కలు సైన్యానికి తగవని అప్పటి సైన్యాధిపతి జనరల్ జె.జె.సింగ్ బహిరంగంగా చెప్పారు. అడిగింది ప్రధాని నియమించిన కమిటీ. చివరికి సైన్యం వివరాలు లేకుండానే నివేదిక వచ్చింది. దళాధిపతిని తొలగించగల ప్రభుత్వం ఒక అంకె మాత్రం తెప్పించుకోలేకపోయింది.

బయటి అనుభవం

వేరే చోట పౌర పాలకులు ఏం చేశారో చూస్తే ఈ వెనకడుగు తప్పనిసరి కాదని తెలుస్తుంది. అమెరికాలో నల్లజాతి సైనికులను వేరే యూనిట్లలో ఉంచేవారు. 1948 జులై 26న అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో సమానత్వం పాటించాలని ఉత్తర్వు ఇచ్చారు. సైన్యం లోపలి నుంచి గట్టి ప్రతిఘటన వచ్చింది. అయినా 1954కల్లా పూర్తిగా నల్లజాతివాళ్లతో ఉండే యూనిట్లు రద్దయ్యాయి. 1967లో రక్షణ మంత్రి మెక్‌నమారా ఇంకో అడుగు వేశారు. కొన్ని సైనిక స్థావరాల చుట్టుపక్కల నల్లజాతి సైనికులకు ఇల్లు అద్దెకివ్వని యజమానుల ఇళ్లలో ఏ సైనికుడూ ఉండరాదని ఆదేశించారు. అక్కడి రక్షణ శాఖ సైనికుల జాతి వివరాలను ఏటా ప్రచురించే ఆనవాయితీ కూడా ఉంది.

అమెరికా మనకు ఆదర్శం అనడం లేదు. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం నల్లజాతికి చెందిన అత్యున్నత సైనికాధికారి జనరల్ సి.క్యూ.బ్రౌన్‌ను తొలగించింది. వైవిధ్య కార్యక్రమాలను ఎత్తేసింది. అది కూడా పౌర పాలనే. మంత్రి అధికారం ఒక పనిముట్టు. దాని వెనక ఏ ఉద్యమం ఉంది, ఏ ఓటు ఉంది అన్నదాన్ని బట్టి అది పనిచేస్తుంది. ట్రూమన్ ఉత్తర్వు వెనక నల్లజాతి సంఘాల ఏళ్ల తరబడి పోరాటం ఉంది.

మంత్రి ఇంకా దూరం జరుగుతున్నాడా?

2019 డిసెంబర్‌లో కేంద్రం చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవిని సృష్టించింది. ఆయన కార్యదర్శిగా రక్షణ శాఖలోనే సైనిక వ్యవహారాల విభాగం ఏర్పడింది. త్రివిధ దళాల వ్యవహారాలు సివిల్ అధికారి అయిన రక్షణ కార్యదర్శి నుంచి యూనిఫాంలో ఉన్న కార్యదర్శి చేతికి మారాయి. మూడు దళాలను కలిపి నడపడానికి ఇది అవసరమని ప్రభుత్వం చెప్పింది. సైనికులకు తమ విషయాల్లో నోరుండాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ దీని మరో ముఖం నాగాలాండ్‌లో కనిపించింది.

2021 డిసెంబర్ 4న మోన్ జిల్లా ఓటింగ్ దగ్గర బొగ్గు గని పని ముగించుకుని ఇళ్లకు వెళ్తున్న కోన్యాక్ ఆదివాసీ కూలీల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆరుగురు చనిపోయారు. తర్వాత జరిగిన ఘర్షణలతో కలిపి మొత్తం 14 మంది పౌరుల ప్రాణాలు పోయాయి. పార్లమెంటులో విచారం చెప్పింది హోంమంత్రి, రక్షణ మంత్రి కాదు. రాష్ట్ర పోలీసులు 30 మంది సైనికుల మీద అభియోగపత్రం వేశారు. సైనిక దళాల ప్రత్యేకాధికారాల చట్టం ప్రకారం విచారణకు కేంద్రం అనుమతి కావాలి. ఆ అనుమతిని సైనిక వ్యవహారాల విభాగం నిరాకరించిందని 2023 ఏప్రిల్‌లో నాగాలాండ్ పోలీసులు వెల్లడించారు. సైనికుడిని విచారించవచ్చా లేదా అని తేల్చే చోట సైనికుడే కార్యదర్శిగా ఉంటే పౌర పాలన అన్న మాటకు అర్థం ఏం మిగిలింది? పేరు మంత్రిది, తీర్పు యూనిఫాంది.

అగ్నిపథ్ కూడా ఈ దారిలోనే వచ్చింది. 2022 జూన్ 14న మంత్రి ముగ్గురు దళాధిపతులతో కలిసి ప్రకటించారు. నాలుగేళ్ల కొలువు, పింఛను లేదు, నాలుగోవంతు మందికే కొనసాగింపు. మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆందోళన చేస్తున్న యువకుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఒకరు చనిపోయారు. దేహదారుఢ్య పరీక్షలు దాటి, రాతపరీక్ష కోసం ఎదురుచూసిన పిల్లలు వాళ్లు. ఆ తర్వాత పథకాన్ని సమర్థిస్తూ విలేకరుల ముందు ఎక్కువగా మాట్లాడింది సైనిక వ్యవహారాల విభాగంలోని లెఫ్టినెంట్ జనరల్. లక్షల కుటుంబాల బతుకు మీద తీసుకున్న రాజకీయ నిర్ణయాన్ని జనానికి వివరించాల్సింది ఎన్నికైన మనిషి.

భూమి లేని ఇంట్లో ఈ పథకం దెబ్బ వేరుగా ఉంటుంది. పొలం, వ్యాపారం ఉన్న ఇంటి కుర్రాడికి నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చే చోటుంది. 11.71 లక్షల సేవానిధి పెట్టుబడి అవుతుంది. కూలి ఇంటి కుర్రాడికి అది అప్పులకూ అక్క పెళ్లికీ సరిపోతుంది. రాంజీ సక్పాల్ లాంటి వాళ్ల ఇళ్లలో పిల్లల చదువుకు దారి వేసిన పింఛను ఇప్పుడు నూటికి డెబ్బై అయిదు మందికి ఉండదు.

అడగాల్సింది ఏమిటి?

ఒకటి, లెక్క. 2027 జనగణనలో కులం నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది. కంటోన్మెంట్లలో, సైనిక శిబిరాల్లో ఉండేవాళ్లనూ జనగణన లెక్కిస్తుంది. కాబట్టి 'సైన్యంలో కులం లెక్కించడం దేశభద్రతకు ముప్పు' అనే మాట ఇక చెల్లదు. జవాన్లు, జేసీవోలు, అధికారులు ఈ మూడు స్థాయిల్లో సామాజిక వర్గాల వారీ వివరాలు పార్లమెంటు ముందు పెట్టమని అడగాలి.

రెండు, బీఎస్‌ఎఫ్‌కు వర్తించే రిజర్వేషన్ సైన్యానికి ఎందుకు వర్తించదో రక్షణ మంత్రి రాతపూర్వకంగా చెప్పాలి. అధికారుల భర్తీకి కూడా. మూడు, పౌరులను చంపిన కేసుల్లో విచారణ అనుమతి నిర్ణయం యూనిఫాంలో ఉన్నవాళ్ల చేతిలో కాకుండా, మంత్రి సంతకంతో, కారణాలతో బయటికి రావాలి. నాలుగు, పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ఏటా కేటాయింపులను పరిశీలిస్తుంది. ట్యాంకులు, విమానాల లెక్క చూసే ఆ సంఘం మనుషుల లెక్క కూడా చూడాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి ఎస్సీ, ఎస్టీ నియోజకవర్గాల్లో గెలిచిన లోక్‌సభ సభ్యులు ఉన్నారు. వాళ్లలో ఎంతమంది రక్షణ శాఖను ఈ ప్రశ్నలు అడిగారో లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. విద్యార్థి సంఘాలు ఆ పని ఈ వారమే మొదలుపెట్టవచ్చు. అడగని వాళ్ల దగ్గరికి ప్రశ్న రాసుకుని వెళ్లవచ్చు. రక్షణ మంత్రి సైన్యానికి పైవాడు, పార్లమెంటు రక్షణ మంత్రికి పైది, ఆ పార్లమెంటుకు సభ్యులను పంపేది మన వాడలు.